పెద్దవాళ్ల టీ కణాలు తొందరగా చచ్చిపోతున్నాయి. వయసు వల్లా, దారి వల్లా?

పెన్నఒడ్డు

నెల్లూరులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టు ఇది. 20–30 ఏళ్లవాళ్ల లింఫోసైట్లు (టీ కణాలు చేరిన తెల్లకణాల రకం), 65 దాటినవాళ్ల లింఫోసైట్లు శరీరం బయట ఎంతసేపు బతుకుతాయో పోల్చాలి. కుర్రవాళ్లు మా క్యాంపస్‌వాళ్లే. పొద్దున తొమ్మిదికి రక్తం తీస్తే పదింటికి ఫైకాల్ (సాంద్రతను బట్టి కణాలను పొరలుగా విడదీసే ద్రవం) మీద పోసేస్తాం. పెద్దవాళ్లవి ఉదయగిరి, వింజమూరు, కనిగిరి వైపు పల్లెల్లో తీసి, ఐస్ ప్యాకులు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్‌లో తెస్తాం. ల్యాబుకి చేరేసరికి మధ్యాహ్నం రెండు, రెండున్నర. ట్యూబులు అన్నీ ఊదా మూతవి, అంటే రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసినవి.

పీబీఎంసీ (లింఫోసైట్లు, మోనోసైట్లు ఉండే తెల్లకణాల పొర) వేరు చేసి, ఆర్‌పీఎంఐ అనే పెంపకం ద్రవంలో 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం) కలిపి 24 గంటలు ఉంచి, అనెక్సిన్–పీఐ (చావు మొదలైన కణాలకు, చచ్చిన కణాలకు అంటే రంగులు) వేసి ఫ్లోలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ వెలుగులో చూసే యంత్రం) చూస్తున్నాం. పెద్దవాళ్ల ట్యూబుల్లో సున్నా గంట దగ్గరే అనెక్సిన్ పాజిటివ్ ఎక్కువగా వస్తోంది. కణాల దిగుబడి తక్కువ. తెల్లటి పొరలో ఎర్రకణాలు కూడా కనిపిస్తున్నాయి. "వయసుతో అపోప్టోసిస్ (కణం తనంతట తాను చావడం) పెరుగుతుంది, అదే వచ్చింది, రాసేయ్" అంటున్నారు. నాకే మనసొప్పడం లేదు. ఇది వయసేనా? న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఇంకో రకం) కూడా కలపమంటున్నారు, అది కుదిరే పనేనా?

బఫీకోటు

మనసొప్పకపోవడమే మంచిదైంది. మీరు పోలుస్తున్నది 25 ఏళ్లను 70 ఏళ్లతో కాదు, ఒక గంటను ఐదు గంటలతో, గది చల్లదనాన్ని ఐస్‌తో. ఈ రెండూ విడదీయకుండా ఎన్ని శాంపిళ్లు చేసినా జవాబు రాదు.

ముందు ఐస్ సంగతి. వ్యాక్సిన్‌కి పనికొచ్చే క్యారియర్ బతికున్న తెల్లకణాలకు పనికిరాదు. రక్తం చల్లబడి గంటలు గడిస్తే గ్రాన్యులోసైట్లు (న్యూట్రోఫిల్స్ లాంటి తెల్లకణాలు) ఉద్రేకపడి వాటి సాంద్రత మారుతుంది. కిందికి దిగాల్సినవి లింఫోసైట్ల పొరలోనే నిలబడిపోతాయి. అవి పక్కనున్న టీ కణాల పనితీరును కూడా దెబ్బతీస్తాయి. ట్యూబు చల్లగా ఉండగానే ఫైకాల్ మీద పోస్తే ఎర్రకణాలు సరిగా గుంపుకట్టవు, అందుకే పొరలో ఎరుపు. మీకు కనిపించిన తేడాల్లో ఒకటి ఇక్కడే తేలిపోయింది.

అలాగని వట్టి డబ్బాలోనూ తేకూడదు. మన ఎండలకు, అందులోనూ రోహిణి కార్తెలో, నిలబెట్టిన కారులోపల వేడి ఎంతకు పోతుందో చెప్పక్కర్లేదు. రక్తం 18 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. దానికి తేలికైన మార్గం థర్మోకోల్ పెట్టె. ముందురోజు రాత్రి లీటరు నీళ్ల సీసాలు రెండు ఏసీ గదిలో పెట్టి, పొద్దున వాటిని పెట్టెలో అటూఇటూ పేర్చి, మధ్యలో ట్యూబులు నిలువుగా నిలబెట్టండి. ఫ్రిజ్ సీసాలు వద్దు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపించే డిజిటల్ థర్మామీటరు ఒకటి లోపల పడేసి, ప్రతి ప్రయాణానికీ ఆ రెండు అంకెలు నోటుబుక్కులో రాయండి. 28 దాటిన రోజు శాంపిల్‌ను విశ్లేషణలో కలపకూడదు. ఆ నియమం కూడా ముందే రాసి పెట్టుకోండి, ఫలితం చూశాక కాదు.

ఊదా మూత బదులు హెపారిన్ వాడండి, ఆకుపచ్చ మూత. అనెక్సిన్ కణాన్ని పట్టుకోవాలంటే కాల్షియం కావాలి, ఈడీటీఏ పనే కాల్షియాన్ని పట్టేసుకోవడం. బాగా కడిగితే పోతుంది, నిజమే. కానీ కడిగే బఫర్‌లోనే 2 మిల్లీమోలార్ ఈడీటీఏ వేసే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. చివరి రెండు కడుగుళ్లూ ఈడీటీఏ లేని ఉప్పు బఫర్ పీబీఎస్‌తోనే చేయాలి.

వేరుచేసేటప్పుడు: రక్తానికి సమానంగా పీబీఎస్ కలిపి, 15 మి.లీ. ఫైకాల్ మీద 30 మి.లీ. మించకుండా గోడ వెంబడి మెల్లగా జార్చండి. ఫైకాల్ కూడా గది ఉష్ణోగ్రతకు వచ్చి ఉండాలి. 400 జీ (భూమ్యాకర్షణకు 400 రెట్లు), 30 నిమిషాలు, 20 డిగ్రీలు, బ్రేక్ తీసేసి. మీ సెంట్రిఫ్యూజ్‌లో జీ లేకుండా ఆర్‌పీఎం మాత్రమే ఉంటే రోటర్ వ్యాసార్థం కొలవండి. 16 సెంటీమీటర్లయితే 400 జీ అంటే దాదాపు 1,500 ఆర్‌పీఎం. పక్క ల్యాబువాళ్ల ఆర్‌పీఎం అంకె తెచ్చి వాడితే వాళ్ల రోటర్ వేరు కాబట్టి లెక్క తప్పుతుంది.

ఆ తర్వాత అందరూ తొందరపడే చోటొకటుంది, ప్లేట్‌లెట్లు. ఉద్రేకపడిన ప్లేట్‌లెట్ తన పైపొరలో ఫాస్ఫాటిడైల్‌సెరీన్ అనే కొవ్వును బయటపెడుతుంది. అనెక్సిన్ పట్టుకునేది సరిగ్గా దాన్నే. గతుకుల రోడ్డు మీద ఐదు గంటలు కుదిలిన రక్తంలో ఆ ప్లేట్‌లెట్లు లింఫోసైట్లకు అంటుకుంటే, నిక్షేపంగా బతికున్న కణం కూడా ఫ్లోలో "చావుకి సిద్ధం" అని కనిపిస్తుంది. రెండుసార్లు 200 జీ వద్ద, పది నిమిషాల చొప్పున కడగండి (అదే రోటర్‌కి సుమారు 1,060 ఆర్‌పీఎం). పైనున్న ద్రవం మబ్బుగా ఉంటే అవి ప్లేట్‌లెట్లే, ఇంకోసారి కడగాలి. మీ సున్నా గంట అనెక్సిన్‌లో సగం కథ ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

ఇక అసలు పరీక్ష ఒకటుంది, వయసుతో సంబంధం లేనిది. కుర్రవాళ్లు ముగ్గురు నలుగురి రక్తం తీసి, ఒక్కొక్కరిదీ రెండు భాగాలు చేయండి. ఒకటి గంటలోపు ఫైకాల్ మీదికి. రెండోది అదే పెట్టెలో, అదే కారులో ఉదయగిరి వెళ్లి రావాలి. రెంటికీ ఉన్న తేడా మీ దారి తేడా. అది తెలియకుండా వయసు తేడా గురించి ఒక్క వాక్యం కూడా రాయొద్దు.

గుండ్లకమ్మ

బఫీకోటు గారు చెప్పినదాంతో పేచీ లేదు. కాకపోతే దారి సరిచేసుకున్నాక కూడా ప్రశ్న అలాగే ఉంటే మళ్లీ బోల్తా పడతారు. "వయసుతో అపోప్టోసిస్ పెరుగుతుంది" అన్న మాటే మొరటు మాట. ఏ కణంలో, దేనివల్ల చావు? అది అడగాలి.

థైమస్ (ఛాతీలో టీ కణాలు ఎదిగే గ్రంథి) యవ్వనం నుంచే కరిగి కొవ్వుగా మారుతూ వస్తుంది. పెద్దయ్యాక మనిషిలో కొత్త నైవ్ (ఇంకా ఏ క్రిమినీ ఎదుర్కోని) టీ కణాలు చాలావరకు థైమస్ నుంచి రావు, ఉన్నవే విభజించుకుంటూ ఆ లోటును నింపుతుంటాయి. ఎలుకలో అలా కాదు, దానికి ముసలితనంలోనూ థైమసే ముఖ్యం. ఎలుక పేపర్లు చదివి మనిషి మీద తీర్పు చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ఈ తరుగు సీడీ4 (సాయం చేసే టీ) నైవ్ కణాల్లో కన్నా సీడీ8 (చంపే టీ) నైవ్ కణాల్లో చాలా ఎక్కువ. సీడీ అంకెలన్నీ కణం పైపొర మీది గుర్తుల పేర్లు. వాటి చోటులో సీడీ28 పోగొట్టుకున్న, సీడీ57 తొడుక్కున్న ముదురు కణాలు చేరతాయి. మొత్తం లింఫోసైట్ల లెక్క మాత్రం మామూలుగానే ఉండొచ్చు. సీబీసీ చూసి "బానే ఉంది" అనుకోవడానికి లేదు, చెరువు నిండుగా కనపడ్డా అందులో ఒకే రకం చేప ఉన్నట్టు.

ఇప్పుడు చావు సంగతి. టీఎన్‌ఎఫ్ (వాపు రేపే సంకేత ప్రోటీన్) తగిలితే నైవ్ కణాలు, సెంట్రల్ మెమరీ (పాత క్రిమిని గుర్తుంచుకున్న) కణాలు తొందరగా పోతాయి, పెద్దవాళ్లలో ఇంకా తొందరగా. ఎఫెక్టర్ మెమరీ కణాలు, టెమ్రా (బాగా ముదిరిన మెమరీ) కణాలు అదే దెబ్బకు గట్టిగా నిలబడతాయి. సీడీ28 లేని ముదురు సీడీ8 కణం సరిగా విభజించదు, టెలోమియర్లు (క్రోమోజోమ్ కొసలు) అరిగిపోయి ఉంటాయి, అయినా అంత సులువుగా చావదు. అంటే ఒక పెద్దాయన రక్తంలో చావుకు దగ్గరైన కణాలు కొన్ని, చావబోమని మొండికేసిన కణాలు కొన్ని పక్కపక్కనే ఉంటాయి. అన్నీ కలిపి ఒకే శాతం చెబితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అర్థం లేని అంకె మిగులుతుంది.

మీ ఫ్లో మెషీన్‌కి నాలుగే రంగులున్నా పని జరుగుతుంది. పీఐ తీసేసి 7-ఏఏడీ (చచ్చిన కణాలకు అంటే ఇంకో రంగు) పెట్టండి, పీఐ వెలుగు పీఈ ఛానల్లోకి ఒలుకుతుంది. ఒక ట్యూబులో అనెక్సిన్ ఫిట్‌సీ, సీడీ28 పీఈ, 7-ఏఏడీ, సీడీ8 ఏపీసీ (ఫిట్‌సీ, పీఈ, ఏపీసీ అన్నవి వెలుగు రంగుల పేర్లు). సీడీ8 బాగా ప్రకాశంగా ఉన్నవాటినే గేట్ చేయండి (గీత గీసి వేరుచేయండి), మసకగా ఉన్నవాటిలో ఎన్‌కే కణాలు (టీ కణాలు కాని లింఫోసైట్లు) కలిసుంటాయి. రెండో ట్యూబులో సీడీ28, సీడీ8 తీసి సీడీ45ఆర్‌ఏ, సీడీ4 పెట్టండి. సీడీ4 కణాల్లో ఆర్‌ఏ పాజిటివ్ అంటే దాదాపు నైవే. సీడీ8లో ఆ లెక్క చెల్లదు, టెమ్రా కణాలు కూడా ఆర్‌ఏ పాజిటివే, సీసీఆర్7 (నైవ్ కణం మీద ఉండి, టెమ్రా మీద ఉండని గుర్తు) లేకుండా అక్కడ నైవ్ అని పేరు పెట్టకూడదు. డబ్బులుండి సీసీఆర్7 కొనగలిగితే దాన్ని 37 డిగ్రీల వద్ద విడిగా ముందు పట్టించండి, చల్లగా పట్టిస్తే వెలుగు చాలదు.

గేటు విషయంలో ఒక మాట. చచ్చే కణం ముడుచుకుపోతుంది, ఫార్వర్డ్ స్కాటర్‌లో (కణం సైజు కొలత) ఎడమకు జరుగుతుంది. పుస్తకంలో బొమ్మలాగా లింఫోసైట్ గుంపు చుట్టూ చక్కగా, బిగుతుగా గీత గీస్తే చచ్చేవన్నీ గీత బయట పడిపోతాయి. ఆ గీత ఎడమకు వదులుగా గీయండి, చెత్తను సీడీ రంగులతో వడకట్టండి.

24 గంటల దగ్గర శాతం చూసి నమ్మడం ఇంకో పొరపాటు. పూర్తిగా చితికిపోయిన కణం ఇక లెక్కలోకే రాదు. లక్ష కణాలు వేసి అరవై వేలు కరిగిపోయి, మిగిలిన నలభై వేలలో అన్నీ బతికుంటే ఫ్లో "వంద శాతం సజీవం" అంటుంది. కౌంటింగ్ బీడ్స్ (లెక్క తెలిసిన పూసలు) వేసి మొత్తం ఎన్ని మిగిలాయో తీయండి. బీడ్స్ లేకపోతే ప్రతి బావి (ప్లేటులో గుంట) నుంచీ ఒకే పరిమాణం ఒకే వేగంతో నడిపినా కొంతవరకు సరిపోతుంది.

చివరిగా, ఉత్త మీడియంలో టీ కణం చావడం వేరు, వయసు వల్ల చావడం వేరు. నైవ్ కణం బతకాలంటే శరీరంలో ఐఎల్-7 (టీ కణాన్ని బతికించే సంకేత ప్రోటీన్) అందుతూ ఉండాలి, బీసీఎల్-2 (చావును ఆపే ప్రోటీన్) తగ్గకుండా చూసేది అదే. ప్లాస్టిక్ ప్లేటులో అది దొరకదు, కణం ఆలనాపాలనా లేక పోతుంది. కాబట్టి మూడు బావులు పెట్టండి: ఉత్తది, ఐఎల్-7 లీటరుకు 10 మైక్రోగ్రాములు (మి.లీ.కి 10 నానోగ్రాములు), టీఎన్‌ఎఫ్ కూడా అదే మోతాదులో. ఐఎల్-7 తగిలాక పెద్దవాళ్ల కణాలు కుర్రవాళ్లవాటితో సమానంగా నిలిస్తే ఒక కథ, నిలవకపోతే ఇంకో కథ. మీ థీసిస్‌కు అసలు బలం అక్కడుంది.

పెన్నఒడ్డు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ సార్. ఐస్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక అనుమానం: అన్ని శాంపిళ్లూ గడ్డకట్టించి దాచి, ఒకేరోజు కరిగించి చేస్తే దారి తేడా పోతుందా? మాకు మైనస్ 80 ఉంది, ద్రవ నత్రజని లేదు.

బఫీకోటు

పోదు. ఐదు గంటల ప్రయాణంలో దెబ్బతిన్న కణాన్ని గడ్డకట్టిస్తే ఆ దెబ్బతోనే గడ్డకడుతుంది, పైగా కరిగేటప్పుడు ఇంకా ఎక్కువ చస్తుంది. గడ్డకట్టడమే అపోప్టోసిస్‌ను కదిలిస్తుంది కాబట్టి చావును కొలిచే ప్రాజెక్టుకు తాజా కణాలే మేలు.

తప్పక దాచాలంటే: 90 శాతం ఎఫ్‌బీఎస్, 10 శాతం డీఎంఎస్ఓ (మంచు గడ్డల నుంచి కణాన్ని కాపాడే ద్రవం), వయల్‌కు 50 లక్షల నుంచి కోటి కణాలు, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబడే ఐసోప్రొపనాల్ డబ్బాలో ఒక రాత్రి. మైనస్ 80లో నెలలు వదిలేయకూడదు, వారంలో నత్రజనిలోకి మార్చాలి. మీ ఊళ్లో పశువైద్యశాలవాళ్లు ఒంగోలు గిత్తల వీర్యం దాచే నత్రజని క్యాన్లు మీకు తెలిసే ఉంటాయి. నత్రజని వాళ్లకు ఎక్కడినుంచి వస్తుందో కనుక్కోండి, కానీ వాళ్ల క్యాన్‌లో మనుషుల శాంపిల్ పెట్టమని అడగొద్దు.

కరిగించేటప్పుడు 37 డిగ్రీల నీళ్లలో తిప్పుతూ కందిగింజంత మంచు మిగిలుండగానే తీసేయాలి. 10 మి.లీ. వెచ్చటి మీడియంలోకి మార్చేటప్పుడు మొదటి మి.లీ. చుక్కచుక్కగా, నిమిషం పట్టేలా. ఒకేసారి పోస్తే డీఎంఎస్ఓ నిండిన కణం ఉబ్బి పగిలిపోతుంది. ఆ తర్వాత రాత్రంతా విశ్రాంతి ఇవ్వకుండా అనెక్సిన్ వేయకూడదు.

మీకు కావాల్సింది జత. ఒక పెద్దాయన, ఒక కుర్రవాడు, ఒకే ఊరు, ఒకే పొద్దు, ఒకే పెట్టె. పొద్దున ఏడు, తొమ్మిది మధ్యలోనే తీయండి, ఒంట్లో ఊరే స్టిరాయిడ్ కార్టిసాల్‌తో పాటు రక్తంలో లింఫోసైట్ల లెక్క కూడా రోజులో పైకీ కిందికీ పోతుంటుంది. వింజమూరులో కుర్రవాళ్లకు కొదవలేదు గదా.

స్లైడుమీద చుక్క

నేను డయాగ్నస్టిక్ ల్యాబు వైపు నుంచి మాట్లాడతాను. పై ఇద్దరూ కణాలు చూశారు, మనిషిని చూడలేదు.

65 దాటినవాళ్లలో షుగరు లేనివాళ్లను వెతకడమే కష్టం. హెచ్‌బీఏ1సీ చేయించండి, 6.5, అంతకన్నా పైన ఉన్నవాళ్లు వేరే గుంపు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ ఇబ్బందులు ఉంటాయి కాబట్టి క్రియాటినిన్ తప్పనిసరి. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష) కూడా చూడండి, లోపల ఏదో ఇన్‌ఫెక్షన్ ఉంటే మీరు కొలిచేది వయసు కాదు, ఆ ఇన్‌ఫెక్షన్. గత నాలుగు వారాల్లో జ్వరం వచ్చినా, టీకా వేయించుకున్నా వాయిదా వేయండి. పూర్తి ఆరోగ్యవంతులైన వృద్ధులను ఎంచుకోడానికి యూరప్‌లో 1984లోనే సీనియర్ (SENIEUR) ప్రోటోకాల్ అని కట్టుదిట్టమైన నియమాలు రాశారు. దాన్ని యథాతథంగా పెడితే మీకు మనిషే దొరకడు, కానీ చదివి ఎవరిని ఎందుకు తీసేశారో రాయండి.

అన్నిటికన్నా ముఖ్యంగా మోకాళ్ల నొప్పులకు వేసుకునే మాత్రలు అడగండి. "ఏం మందులు వాడుతున్నారు?" అంటే "ఏం లేవు నాయనా" అంటారు. "నొప్పులకు ఏం వేసుకుంటారు, ఆ చీటీయో, పొట్లమో చూపించండి" అనాలి. ప్రెడ్నిసొలోన్, డెక్సామిథసోన్ లాంటి స్టిరాయిడ్ అందులో ఉంటే లింఫోసైట్లను నేరుగా చంపేదే అది. ఇక మీ అపోప్టోసిస్ గ్రాఫు అంతా మాత్ర గ్రాఫే.

సీఎంవీ (సైటోమెగలో వైరస్) ఐజీజీ (పాత ఇన్‌ఫెక్షన్ చూపే యాంటీబాడీ పరీక్ష) చేయకుండా సీడీ28 గురించి రాయొద్దు. సీడీ28 లేని సీడీ8 కణాల గుంపులు పెరగడానికి వయసుతో సమానంగా కారణం సైటోమెగలో వైరస్. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి అది ఎప్పుడో సోకి ఉంటుంది, కుర్రవాళ్లలోనూ ఎక్కువే. ఫైకాల్ తిప్పాక పైన నిలిచే ప్లాస్మా పారబోస్తుంటారు, దాన్ని రెండు గొట్టాల్లో అర మి.లీ. చొప్పున మైనస్ 80లో పెట్టేయండి. పీబీఎస్ కలిసి దాదాపు మూడో వంతుకు పలచబడింది కాబట్టి ఎలైజాలో (యాంటీబాడీ కొలిచే పరీక్ష) ఆ సంగతి లెక్కలోకి తీసుకోవాలి, లేదా పీబీఎస్ కలపకముందే తిప్పి కాస్త తీసిపెట్టుకోవాలి.

ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం ఉన్నాయనే అనుకుంటున్నా. చదువు రానివాళ్లకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకునేటప్పుడు మీ టీమ్‌కు సంబంధం లేని సాక్షి సంతకం ఉండాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఉన్నదే. రక్తం తీసే టెక్నీషియనే సాక్షిగా పెట్టకూడదు.

గుండ్లకమ్మ

న్యూట్రోఫిల్స్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నా సలహా, ఈ ప్రాజెక్టులో వద్దు.

అది టీ కణంలా ఏళ్ల తరబడి బతికేది కాదు, రక్తంలో దాని బతుకు గంటల్లోనే. బయట పెడితే ఒక్క రోజులో చాలావరకు తమంతట తామే చచ్చిపోతాయి, కుర్రవాడివైనా సరే. పెద్దవాళ్లలో లెక్క తగ్గదు, మామూలు చావు వేగమూ పెద్దగా మారదు. మారేది వేరు: ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు జీఎం-సీఎస్ఎఫ్ లాంటి సంకేతం "ఇంకాసేపు ఉండు" అంటే కుర్రవాళ్ల న్యూట్రోఫిల్ ఆగుతుంది, పెద్దవాళ్లది అంతగా ఆగదు. కాబట్టి జీఎం-సీఎస్ఎఫ్ వేసినది, వేయనిది రెండూ పెట్టకపోతే ఏమీ కనిపించదు. ఆ కణాలను రక్తం తీసిన రెండు గంటల్లోపు వేరుచేయాలి, గడ్డకట్టించి దాచడానికి లేదు. పల్లె నుంచి తెచ్చే రక్తంతో ఇది అయ్యే పని కాదు.

ఎవరైనా "సీడీ16 తగ్గితే న్యూట్రోఫిల్ చస్తున్నట్టు, అది చూస్తే చాలు" అని చెబుతారు. చచ్చే న్యూట్రోఫిల్ సీడీ16 రాల్చేమాట నిజమే. కానీ పెద్దవాళ్ల న్యూట్రోఫిల్స్‌లో అది మొదట్నుంచే తక్కువగా ఉంటుంది. ఆ ఒక్కటీ పట్టుకుంటే బతికున్నదాన్ని చచ్చినట్టు రాస్తారు.

పెన్నఒడ్డు

అర్థమైంది, న్యూట్రోఫిల్స్ వదిలేస్తున్నా. జతల పద్ధతికి మారుస్తాం. చివరిగా ఒకటి. రక్తం ఇచ్చిన పెద్దవాళ్లు "మా రిపోర్టు ఏమొచ్చింది, మాలో శక్తి తగ్గిందా?" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

స్లైడుమీద చుక్క

అనెక్సిన్ శాతం ఎవరికీ చెప్పొద్దమ్మా. అది పరిశోధన అంకె, ఒక్క మనిషికి దానివల్ల తేలేదేమీ లేదు. "నీ కణాలు చస్తున్నాయి" అని ఒక్కసారి విన్నాయన బలం మందులంటూ ఊరంతా తిరుగుతాడు. షుగరు, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ రిపోర్టులు మాత్రం కాగితం మీద ఇవ్వండి, అవి వాళ్ల హక్కు. తేడా ఉంటే పీహెచ్‌సీకి చీటీ రాసి పంపండి.

అడిగినవాళ్లకు చెప్పదగ్గది టీకాల గురించి. అక్కి లేచిందని జాజుతో రాయించుకునేవాళ్లు మీ ఊళ్లలో కనిపిస్తారు. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని, కాపలా కాసే టీ కణాలు పలచబడ్డాక మళ్లీ లేవడమే అది. 50 దాటినవాళ్లకు రీకాంబినెంట్ టీకా ఉంది, కండలోకి అర మి.లీ., రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. 2015లో వచ్చిన ట్రయల్‌లో 50 పైబడినవాళ్లలో 97.2 శాతం, మరుసటి ఏడు 70 పైబడినవాళ్లలో 89.8 శాతం రక్షణ కనిపించింది. ముసలి కణాలు కూడా సరైన అడ్జువెంట్ (టీకాకు బలమిచ్చే పదార్థం) తోడైతే బానే పనిచేస్తాయన్నమాట. ఖరీదు ఎక్కువ, మన పల్లెల్లో అందరూ వేయించుకోలేరు. ఏటా ఫ్లూ టీకా, న్యుమోకాకల్ టీకా కాస్త చవక, ముందు వాటి గురించి డాక్టరును అడగమనండి. టీకా వేయించుకున్నాయన మీ దగ్గరికి వస్తే మాత్రం నాలుగు వారాలు ఆగి రక్తం తీయండి.

పెన్నఒడ్డు

సరే సార్. ముందు కుర్రవాళ్లు నలుగురి రక్తం రెండు భాగాలు చేసి, ఒక భాగం ఉదయగిరి తిప్పుకొస్తాం. థర్మామీటరు అంకెలతో సహా ఇక్కడే పెడతాను.

బఫీకోటు

పెట్టండి. కడిగిన తర్వాత పై ద్రవం మబ్బుగా ఉందా, తేటగా ఉందా అన్నది కూడా ఒక గడిలో రాయండి. అలాగే ఒక ట్యూబులో అనెక్సిన్ వేశాక 5 మిల్లీమోలార్ ఈడీటీఏ కలిపి చూడండి. కాల్షియం పోతే వెలుగు పడిపోవాలి. పడిపోకపోతే అది అనెక్సిన్ పట్టిన వెలుగు కాదు, బఫరో, గేటో, మెషీనో ఎక్కడో తేడా ఉన్నట్టు.